మూల నుంచా, బోరు నుంచా

ఆ షాపులో అందరూ అతన్ని బావ అనే పిలిచేవాళ్ళు. నిజానికి అతను బావ అయ్యేది ఒక్కడికే. అద్దాలగదిలో కంప్యూటర్ ముందు కూర్చుని మిషన్లకి ప్రోగ్రాంలు రాసే మనిషి అతని భార్యకి తోడబుట్టిన తమ్ముడు. వాడు చేరిన కొత్తలో "బావా, బావా" అంటూ వెంట తిరిగేవాడు. ఆ పిలుపు షాపు గోడలకి అంటుకుపోయింది. స్టోరు చూసేవాడు బావ అన్నాడు, లారీ డ్రైవరు బావ అన్నాడు, ఆఖరికి నేల ఊడ్చే ముసలాయన కూడా తన కొడుకు ఈడు మనిషిని పట్టుకుని, "కాలు తియ్యి బావా, తుక్కుంది" అనేవాడు.

"ఇంతమంది బావమరుదులుండి టీ ఇప్పించేవాడు ఒక్కడూ లేడు," అని బావ ఎప్పుడూ అనేమాట. నవ్వేవాళ్ళు. అతను మాత్రం నవ్వేవాడు కాదు.

వాణ్ణి ఆ షాపులో పెట్టించింది బావే. మిషన్ పక్కన నిలబెట్టి, లోహపు దిమ్మని పట్టుకునే వైస్ బిగించడం దగ్గర్నుంచి కటర్ చప్పుడు వినడం దాకా అన్నీ నేర్పింది బావే. వాడు రెండేళ్ళు చేతులు నల్లగా చేసుకుని, సాయంత్రం క్లాసులకి పోయి, ఒకరోజు చేతులు కడుక్కుని అద్దాలగదిలోకి ఎక్కాడు. మళ్ళీ కిందకి దిగలేదు. బావ చిన్నప్పుడే బడి మానేసినవాడు. ఎక్కడానికి అతనికి మెట్లేవీ లేవు. అదే మిషన్, అదే వైస్, అదే నూనె నీళ్ళ వాసన.

పని ఇదీ. ఇటుకంత అల్యూమినియం దిమ్మ ఇస్తారు. దానికి ఆరు వైపులా పనుంటుంది. పైనుంచి బోరు అనే పెద్ద గుండ్రటి రంధ్రం తొలవాలి, చుట్టూ గోడలు నునుపు చెయ్యాలి, తర్వాత పక్కకి తిప్పి బిగించి సన్నటి రంధ్రాలు వెయ్యాలి. ఆ సన్న రంధ్రం లోపలికి వెళ్ళి బోరుకి సరిగ్గా నడిమధ్యన తగలాలి. ఎందుకంటే తర్వాత బోరులో ఒక ఇరుసు కూర్చుంటుంది, పక్క రంధ్రంలోంచి పిన్ను కొట్టి దాన్ని కదలకుండా పట్టేస్తారు. వెంట్రుకవాసి పక్కకి పోయిందా, పిన్ను దిగదు, దిమ్మ తుక్కులోకి పోతుంది.

ఒక వైపు చేసి దిమ్మని తిప్పి మళ్ళీ బిగించిన ప్రతిసారీ మిషన్‌కి కళ్ళు పోయినట్టే. దిమ్మ ఎక్కడుందో దానికి తెలీదు. "ఇదిగో, ఇక్కడి నుంచి లెక్కపెట్టుకో" అని ఒకచోటు చూపించాలి. ఆ చోటే జీరో. అద్దాలగదిలో బావమరిది తెర మీది బొమ్మకి ఒకచోట ఎర్రచుక్క పెట్టి, ఆ బొమ్మ షీట్ కిందకి పంపుతాడు. కింద బావ లోహం మీద అదే చోటు వెతికి పట్టుకోవాలి. పైనున్నవాడి చుక్కా కిందున్నవాడి చుక్కా ఒకటైతే పని సాఫీ.

బావమరిది చుక్క ఎప్పుడూ దిమ్మ మూల మీదే పెట్టేవాడు. అన్ని వైపులకీ ఒకటే మూల. బావకి అక్కడే ఒళ్ళు మండేది. గోడలు కోసే కటరు పొడవాటిది. కోసేటప్పుడు అవతలికి వంగుతుంది. గోడ వెంట్రుకవాసి మందంగా మిగులుతుంది. బయటి గోడ మందమైతే ఎవడికీ పట్టదు, కొలతలో పాసే. కానీ ఆ గోడ మూలనే పట్టుకుని బోరు నడిమిని లెక్కేస్తే, లెక్క ఆ వెంట్రుకవాసి తప్పుతుంది. "నేర్పిన పాఠమే మర్చిపోయాడు వెధవ," అనుకున్నాడు బావ మొట్టమొదటిసారి ఆ షీట్ చూసి. పైకి వెళ్ళి చెప్పొచ్చు. చెప్పలేదు.

ఏం చేశాడంటే, సొంతంగా తయారుచేసుకున్న, రోకలిలా పొడుగాటి ఉక్కు గుండు ఒకటి బోరులోకి దూర్చి, బయటికి వచ్చిన కొసకి మిషన్‌ని అటూ ఇటూ తాకించి, నడిమి తీసేవాడు. అక్కడి నుంచి డ్రాయింగులో అంకె ప్రకారం వెనక్కి లెక్కేసుకుని, మూల ఉండాల్సిన చోట జీరో ఇచ్చేవాడు. మూల మూలలో లేకపోయినా అతనికి లెక్కలేదు. దిమ్మలన్నీ పాసయ్యేవి. కొలతల గదిలో కూర్చునే ఆవిడ, అందరూ కొలతలమ్మ అనే ఆవిడ, "బావ జాబ్ అయితే మొదటి ముక్క నాకు చూపించక్కర్లేదు, ట్రే నిండాకే తీసుకురండి" అనేదాకా వచ్చింది.

ఇలా ఏళ్ళు గడిచాయి. బావకి అదొక రహస్య భోగం. వాడి తప్పుని రోజూ తన చేత్తో దిద్దుతున్నాడు, వాడికి తెలీదు, ఓనరుకి తెలీదు. ఇంట్లో కాళ్ళు కడుక్కుంటూ భార్యతో అనేవాడు: "ఇవాళ కూడా మీ తమ్ముడి పరువు నా చేతిలో గుండంత గుండ్రంగా కాపాడాను."

ఆవిడ తువ్వాలు అందించేది. ఏమీ అనేది కాదు. తమ్ముణ్ణి అంటే పడని ఆవిడ, ఈ ఒక్క విషయంలో ఎందుకు ఊరుకుంటుందో అతనెప్పుడూ ఆలోచించలేదు. నిజం కాబట్టి నోరు లేవడం లేదనుకున్నాడు.

అంతలో కొత్త మిషన్ వస్తోందని కబురొచ్చింది. ఆ కొత్తదానికీ పాతదానికీ కలిపి ఒక్క మనిషి చాలు. ఇద్దరున్నారు. ఒకరు బావ. రెండోవాడు ఇంకో షిఫ్టులో చేసే పొట్టోడు. ఆరడుగులుంటాడు, అందుకే ఆ పేరు. ఇద్దరిలో మిగిలినవాడు ఆకురాయి బల్ల దగ్గరికి పోవాలి. అక్కడ రోజంతా దిమ్మల అంచులు గీకడమే పని. కొత్తగా చేరినవాళ్ళనీ చూపు మందగించినవాళ్ళనీ కూర్చోబెట్టే బల్ల అది.

బావ సెలవు అడుగుదామని ఓనరు గది దాకా వెళ్ళినప్పుడు తలుపు వారగా తెరిచి ఉంది. లోపల ఓనరు గొంతు.

"నువ్వు చెప్పవయ్యా, ప్రోగ్రాం రాసేది నువ్వు. ఎవర్ని పెడదాం?"

 బావమరిది అన్నాడు: "ఎవరైనా ఒకటే సార్. సెట్టింగ్ ఎవరు చేసినా ప్రోగ్రాం చూసుకుంటుంది."

బావ సెలవు అడగకుండానే వెనక్కి వచ్చేశాడు. మెట్ల మీద పొట్టోడు ఎదురై "ఏం బావా, మొహం అలా మాడ్చావు, ఎవరైనా పోయారా?" అన్నాడు. "పోయారు," అన్నాడు బావ. పొట్టోడు నిజమేననుకుని తలదించుకున్నాడు పాపం.

ఆ సాయంత్రం ఇంట్లో గిన్నెలు గట్టిగా పెట్టాడు, తలుపు గట్టిగా వేశాడు. భార్య చూస్తూ చూస్తూ అడిగింది.

"ఏమైంది?"

"మీ తమ్ముడు నా బతుకు తేల్చేశాడు. ఎవరైనా ఒకటేనట. ప్రోగ్రాం చూసుకుంటుందట."

"వాడలా ఎందుకంటాడు?"

"నా చెవులతో విన్నాను. సరే, చూసుకోనీ. రేపటి ట్రే షీట్‌లో ఎలా రాసుంటే అలాగే చేస్తాను. మూల అన్నాడుగా, మూల నుంచే తీస్తాను. గుండు లేదు, బావ చెయ్యి లేదు. ఒక్క దిమ్మ పాసవుతుందేమో చూద్దాం."

ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. "అలా చెయ్యకండి. మీరెప్పుడూ ఎలా చేస్తారో అలాగే చెయ్యండి."

"తమ్ముడి మీద ప్రేమ పొంగుకొచ్చిందా?"

"అది కాదండీ. ముందు వాడితో ఒకసారి మాట్లాడండి. నా మాట వినండి. ఒక్కసారి."

"ఏళ్ళ తరబడి వాడు నాతో మాట్లాడనిది, నేను ఇప్పుడు వెళ్ళి మాట్లాడాలా?"

ఆవిడ ఇంకేదో అనబోయి, అతని మొహం చూసి పొయ్యి వైపు తిరిగింది.

మర్నాడు పొద్దున బావ గుండుని షాపు బీరువాలోనే ఉంచేశాడు. దిమ్మని పక్కకి తిప్పి బిగించాడు. మూలకి తాకించాడు, షీట్‌లో ఎర్రచుక్క ఎక్కడుందో అక్కడే, అణువు తేడా లేకుండా జీరో ఇచ్చాడు. ఆకుపచ్చ బటన్ నొక్కాడు. తెల్లటి నీళ్ళు కొట్టుకుంటూ డ్రిల్లు దిగింది.

మొదటి దిమ్మ బయటికి తీసి గాలి కొట్టి, బోరులో ఇరుసుకి బదులు గేజీ దించి, పక్కనుంచి పిన్ను పెట్టి చూశాడు. సగం దూరం వెళ్ళి తట్టుకుని ఆగింది. వెంట్రుకవాసి. బావ పిన్నుని బయటికి లాగి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తట్టుకుంటే సంతోషపడ్డాడు. ఎంతకాలంగానో నాలుక చివర ఉన్న మాట పైకి అన్నట్టు హాయిగా ఉంది.

అక్కడ ఆపితే పోయేది ఒక్క దిమ్మే. ఆపాలని తట్టలేదా అంటే, తట్టింది. తల తిప్పి అద్దాలగది వైపు చూశాడు. బావమరిది తల తెర ముందు వంగి ఉంది. బావ రెండో దిమ్మ బిగించాడు. మూడోది. మధ్యాహ్నానికి ట్రే నిండింది. అన్నీ ఒకేలా, ఒకే వెంట్రుకవాసి తప్పుతో, అద్దంలా మెరుస్తూ.

ఆ ట్రే తీసుకెళ్ళడానికి వచ్చిన, ఆర్డరిచ్చిన పార్టీ మనిషి అప్పటికే బయట బండిలో కూర్చుని ఉన్నాడు.

కొలతలమ్మ మొదటి దాంట్లో పిన్ను పెట్టి, దిగకపోతే పిన్ను తుడిచి, మళ్ళీ పెట్టింది. రెండోది తీసింది. తర్వాత ట్రే మధ్యలోంచి ఒకటి, అడుగునుంచి ఒకటి. కళ్ళజోడు తీసి బావ వైపు చూసింది.

"ఇవి నీవేనా బావా?"

"నావే."

ఆవిడ ఫోను ఎత్తింది. ఓనరు దిగి వచ్చాడు, వెనకే బావమరిది. కొలతలు తీసే రాతి బల్ల చుట్టూ నలుగురూ నిలబడ్డారు. ఓనరు పిన్ను తీసుకుని తనే స్వయంగా పెట్టి చూశాడు, తన చేతికైనా దిగుతుందేమోనని. దిగలేదు.

"ఏమిటయ్యా ఇది? మొత్తం ట్రేనా? ఎవరి పని?"

బావ రాత్రంతా నోట్లో నానబెట్టుకున్న మాట అన్నాడు. "నేను షీట్‌లో ఉన్నట్టే చేశాను సార్. వేరే ఏమీ చెయ్యలేదు. కావాలంటే జీరో ఇప్పుడే చూసుకోండి, మిషన్ మీద అలాగే ఉంది."

బావమరిది అతని వైపు తిరిగాడు. "మూల నుంచి తీశావా బావా?"

"ఎర్రచుక్క ఎక్కడుందిరా? మూల మీదే కదా?"

వాడి మొహం పాలిపోయింది. ఏదో అనబోయాడు, బావ కళ్ళలోకి చూసి మింగేశాడు. అందరూ చూస్తుండగా ఓనరు వైపు తిరిగి అన్నాడు: "తప్పు నాది సార్. తప్పు ప్రోగ్రాం పంపాను."

ఓనరు గొంతు షాపంతా వినపడింది. మిషన్లు నడుస్తున్నా వినపడింది. అద్దాలగదిలో కూర్చుని ఏం చూస్తున్నావని, బయట పార్టీ మనిషికి నీ తల చూపించనా అని, ఇందుకేనా కొత్త మిషన్ ప్రోగ్రాంలు నీకు అప్పగిద్దామనుకుంది అని. కొత్తదానికి బయటినుంచి ప్రోగ్రామర్ని తెస్తానన్నాడు, నువ్వు నీ కుర్చీ అతనికి ఖాళీ చేసి అతని కింద పనిచేద్దువుగాని అన్నాడు. వెళ్తూ వెళ్తూ బావ భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు చూడు. షీట్‌లో ఏముందో అదే చేశావు. ఇలాంటి మనిషి కావాలి నాకు. రెండు మిషన్లూ నువ్వే చూసుకుంటావు."

అలా బావ గెలిచాడు. ఆకురాయి బల్ల పొట్టోడికి రాసిపెట్టి ఉంది.

గెలిచిన సంతోషం కంప్రెసర్ షెడ్డు దాకా కూడా నడవలేదు. బావమరిది అక్కడ గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. బావ వాడి ముందు ఆగాడు. ఒక్క ముక్క అతని మెదడులో ఇరుక్కుపోయింది.

"తప్పు ప్రోగ్రాం ఏమిట్రా? ఉన్నది ఒక్కటే కదా?"

"రెండున్నాయి బావా."

"ఏ రెండు?"

"పొట్టోడికి ఒకటి. నీకొకటి."

కంప్రెసర్ ఒక్కసారిగా ఆన్ అయింది. అది ఆగేదాకా ఇద్దరూ ఒకరి నోరు ఒకరు చూస్తూ నిలబడ్డారు. ఆగాక బావమరిది చెప్పాడు, తలొంచుకుని, పాఠం అప్పజెప్పినట్టు.

"గోడ మందం మిగులుతుందని నాకు తెలుసు. నువ్వే నేర్పావు కదా. మూల నుంచి తీసేవాళ్ళకి ఆ వెంట్రుకవాసి ప్రోగ్రాంలోనే కలిపి పెట్టాను. పొట్టోడు మూల నుంచి తీస్తాడు, వాడికి సరిపోతుంది. నువ్వు గుండు పెట్టి బోరు నుంచి తీస్తావు. నీకూ అదే ఇస్తే అటువైపు తప్పుతుంది. అందుకని నీకు కలపకుండా వేరేది."

"నేను గుండు పెట్టడం నువ్వెక్కడ చూశావు?"

"నా గది అద్దాలది బావా."

 బావ కోపం తెచ్చుకోవాలని చూశాడు. కోపమే అతనికి బాగా అలవాటైన దారి.

"మరి నా షీట్ మీద చుక్క మూల దగ్గరెందుకు పెట్టావు? బోరు మీద పెట్టి చావొచ్చుగా?"

"పెడితే నీకు తెలిసిపోతుంది, నీకు వేరేది ఇస్తున్నానని."

"తెలిస్తే ఏం?"

"అక్క వద్దంది."

"మీ అక్కా?"

"మొదట్లో అక్కనే అడిగాను, బావకి ఎలా చెప్పను, నొచ్చుకుంటాడేమో అని. చెప్పకురా అంది. ఆయన చెయ్యి పడితేనే పని నడుస్తోందని ఆయనకుంటుంది. అదొక్కటీ ఉండనీ అంది."

 వాడే మళ్ళీ అడిగాడు, నిష్ఠూరంగా కాదు, నిజంగా తెలుసుకుందామన్నట్టు. "పోనీ నీకు చుక్క తప్పనిపించినప్పుడు నువ్వెందుకు చెప్పలేదు బావా? ఒక్కసారి అద్దం మీద కొట్టి పిలిస్తే అయిపోయేదిగా."

దానికి జవాబుంది. ఆ తప్పు తనకి కావాల్సి వచ్చింది. ఆ తప్పుని రోజూ తిని బతికాడు. ఈ మాట బావమరిదితో ఎవడంటాడు?

"మరి ఓనరుతో ఎవరైనా ఒకటే అన్నావేం?" అన్నాడు చివరికి.

"ఒకటే కాబట్టి. ఇద్దరివీ పాసవుతాయి. నీ పేరే చెబితే బావ కాబట్టి చెప్పాడంటారు, అప్పుడు అసలు నిన్నే పక్కన పెడతాడు." వాడు చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఆ చేతులకి ఏమీ అంటలేదు. "పోనీలే బావా. నేను ఒప్పుకున్నాగా. నీ మిషన్ నీకుంది."

ఇంటికి వెళ్ళేసరికి ఆవిడకి అంతా తెలుసు. తమ్ముడు ఫోన్ చేసినట్టున్నాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే అతను మొదలుపెట్టాడు.

"ఇద్దరూ కలిసి నన్ను పిచ్చివాణ్ణి చేశారు."

"చేశాం," అందావిడ. కాదంటుందని అతను సిద్ధపడి వచ్చాడు. అవునంటే ఏం చెయ్యాలో తెలీలేదు.

"ఇన్నేళ్ళు నేను మాట్లాడుతుంటే వింటూ కూర్చున్నావు. లోపల్లోపల నవ్వుకున్నావు కదూ?"

"నవ్వా?" ఆవిడ గొంతు పెద్దది కాలేదు. "నా తమ్ముణ్ణి చేతకాని వెధవని రోజూ తిట్టేవారు. తిట్టి, హాయిగా భోంచేసి పడుకునేవారు. నేను వినేదాన్ని. వాడు మీకోసం ఒక్కో పని రెండుసార్లు చేస్తున్నాడని తెలిసి కూడా వినేదాన్ని. మీ చేత్తోనే పని నడుస్తోందన్న ఆ ధీమా లేని రోజుల్లో మీరెలా ఉండేవారో నాకు గుర్తుంది. ఆ మనిషితో కాపురం చెయ్యడం కంటే ఇది నయమనుకున్నాను."

"నిన్న చెప్పొచ్చుగా? నోరుందిగా?"

"వాడితో మాట్లాడండి అని బతిమాలాను. అంతకంటే ఎలా చెప్పను? మీకు వేరే ప్రోగ్రాం పెట్టారని నా నోటితోనే అంటే ఈ ఇంట్లో ఏ గిన్నె మిగిలేది?" ఆవిడ వచ్చి అతని ఎదురుగా నిలబడింది. "కొత్త మిషన్ కోసం వాడు ఎంత ఎదురుచూశాడో మీకు తెలుసు. పొద్దున్నే వెళ్ళి మీ ఓనరుతో ఉన్నదున్నట్టు చెప్పండి. మీరు తెలిసే చేశారని చెప్పండి. ఇది ఒక్కటి చెయ్యండి నాకు."

మర్నాడు బావ మిషన్ ఆన్ చెయ్యకుండా నేరుగా మెట్లెక్కాడు. తలుపు తట్టాడు.

"రావయ్యా రా. కూర్చో."

ఆ గదిలో అతన్ని కూర్చోమన్నవాళ్ళు అంతవరకూ లేరు. కుర్చీ కొసన కూర్చున్నాడు.

"సార్, నిన్నటి తప్పు మావాడిది కాదు. నాది."

"ఊఁ?"

"నేను రోజూ మూల నుంచి తియ్యను సార్. బోరు నుంచి తీస్తాను. వాడికది తెలుసు, దానికి తగ్గట్టే ప్రోగ్రాం ఇస్తాడు. నిన్న నేను కావాలని మూల నుంచి తీశాను. మొదటి ముక్కకే పిన్ను దిగలేదు. చూసి కూడా ట్రే మొత్తం తీశాను."

 ఓనరు మొహం నిండా నవ్వు పరుచుకుంది.

"బావమరిది కోసం ఇంత దూరం వస్తావనుకోలేదయ్యా."

"కాదు సార్, నిజంగానే..."

"కావాలని జాబ్ పాడుచేసే మనిషివా నువ్వు? నాకు మనుషులు తెలీదా? నీ జాబ్ అంటే మన కొలతలమ్మ కొలవను కూడా కొలవదు. ఒకమాట అడుగుతాను, నిజం చెప్పు. మీ ఇంటావిడ పంపింది కదూ?"

బావ నోరు తెరిచాడు. నిజమే చెప్పాలని వచ్చాడు కాబట్టి నిజమే చెప్పాడు.

"అవును సార్."

"అదీ సంగతి!" ఓనరు బల్ల మీద కొట్టి నవ్వాడు. "ఆడవాళ్ళు పుట్టింటివాళ్ళని వదులుకుంటారా? వెళ్ళి చెప్పు, సార్ ఒప్పుకోలేదని చెప్పు. నీ మంచితనం నాకు అర్థమైంది. వచ్చే వారం కొత్త మిషన్ దిగుతుంది. దగ్గరుండి చూసుకో."

అప్పుడు కూడా చేతిలో చాలా ఉంది. సార్, ఒక్కసారి కిందకి రండి అనొచ్చు. బీరువాలోంచి గుండు తీసి, ఒక దిమ్మ మూల నుంచీ ఒక దిమ్మ బోరు నుంచీ తీసి, రెండు ప్రోగ్రాంలూ పక్కపక్కన నడిపించి చూపిస్తే, మొద్దుకైనా అర్థమవుతుంది. ఓనరు మొద్దు కాదు. బావ కుర్చీ కొసన అలాగే కూర్చుని, అదంతా ఎలా చెప్పాలో వరసగా మనసులో పేర్చుకున్నాడు. వరస బాగానే కుదిరింది. కిటికీలోంచి కింద ఆకురాయి బల్ల కనిపిస్తోంది. పొట్టోడు ఆ పొడుగు నడుం వంచి, చిన్న స్టూలు మీద అప్పటికే కూర్చుని గీకుతున్నాడు.

"సరే సార్," అని లేచాడు.

మెట్ల కింద బావమరిది కాచుకుని ఉన్నాడు. పొద్దున అక్క ఫోన్ చేసి చెప్పిందేమో, కళ్ళలో ఆశ దాచుకోలేకపోతున్నాడు.

"ఏమన్నాడు బావా?"

"నమ్మలేదురా."

"రెండు ప్రోగ్రాంలున్నాయని చెప్పావా? కంప్యూటర్‌లో అలాగే ఉన్నాయి, ఇప్పుడే చూపిస్తాను. చూపిస్తామని చెప్పావా?"

"అన్నీ చెప్పాను," అన్నాడు బావ, చేతికి గుడ్డ చుట్టుకుంటూ. "ఎంత మొత్తుకున్నా వినలేదు."

బావమరిది అతని మొహంలోకి చూశాడు.  బావ చెప్పింది కాదని వాడు ఇన్నేళ్ళలో ఒక్కసారీ అనలేదు. ఇప్పుడూ అనలేదు. తలూపి, అద్దాలగదిలో తన సామాను సర్దుకోవడానికి మెట్లెక్కి వెళ్ళిపోయాడు.